పానా పట్టేముందు: డిస్పోజల్ జీపులో బ్రేకు వణుకు

ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు వైపు చేపల చెరువులున్న వాళ్లకు పాత మిలిటరీ బండి మీద మోజు ఊరికే రాలేదు. వానకు నానిన గట్టు మీద మేత బస్తాలు వేసుకుని వెళ్లాలంటే నాలుగు చక్రాలకూ ఊపు అందే బండి కావాలి. కొత్తది కొనాలంటే లక్షల మాట. అందుకే సైన్యం డిస్పోజల్ వేలంలో వదిలేసిన జీపులూ జోంగాలూ జిప్సీలూ చేతులు మారి రైతు వాకిట్లోకి వస్తాయి. వచ్చిన కొత్తలో యజమానిని ఎక్కువగా భయపెట్టేది ఇంజను కాదు. బ్రేకు తొక్కగానే స్టీరింగు చేతుల్లో కొట్టుకుంటుంది, బండి మొత్తం గజగజలాడుతుంది. ఈ అధ్యాయం ఆ వణుకు గురించి, దాని కారణాన్ని కనిపెట్టే పద్ధతి గురించి. పద్ధతి ఒంటబడితే ఏరియేటరు మోటారు దగ్గరా ఆయిలింజను దగ్గరా కూడా పనికొస్తుంది.

మన ప్రాంతానికీ మిలిటరీకీ పరిచయం పాతదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్లు తాడేపల్లిగూడెంలో వేసిన రన్‌వే ఇంకా ఉంది. ఆ పక్కనున్న మాధవరం తరతరాలుగా సైన్యంలోకి బిడ్డల్ని పంపి మిలిటరీ మాధవరం అనిపించుకుంది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన జీపులు డిస్పోజల్‌లో అమ్ముడయ్యాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని ఇక్కడే బిగించడం మొదలుపెట్టారు. నిస్సాన్ పట్రోల్ నమూనా మీద జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ 1969 నుంచి 1999 దాకా జోంగాను తయారుచేసింది. 1990ల్లో మారుతి జిప్సీ సైన్యంలో చేరింది.

బండి ఏ తరానిదో తెలిస్తే బ్రేకు ఏ రకమో తెలుస్తుంది. విల్లీస్, దాని అడుగుజాడల్లో వచ్చిన పాత మహీంద్రా, జోంగా, వీటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. జిప్సీకి ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు. మిలిటరీ నంబరు పలక మీద పైకి చూసే బాణం గుర్తు తరువాత వచ్చే రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరం. వేలం కాగితాల్లో ఆ నంబరు దొరికితే రాసి పెట్టుకోండి. పలకను మాత్రం ఉంచుకోకండి. ఆలివ్ గ్రీన్ రంగు కూడా మార్చేయాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే చెందుతుంది.

ఇలాంటి బండికి వచ్చే జబ్బులు టాక్సీకి వచ్చే జబ్బుల్లాంటివి కావు. టాక్సీ తిరిగి తిరిగి అరుగుతుంది. డిస్పోజల్ బండి నిలబడి నిలబడి పాడవుతుంది. వేలం కోసం ఎండలో వానలో నెలల తరబడి ఒకేచోట ఉంటే డ్రమ్ము లోపల షూ ఆనిన చోట ఒక రకంగా, ఆనని చోట ఇంకో రకంగా తుప్పు పడుతుంది. టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. వీల్ సిలిండరు పిస్టను బిగుసుకుపోతుంది. గొట్టాల్లో రబ్బరు లోపలి నుంచి ఉబ్బుతుంది. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తోందని సంబరపడేముందు ఇవన్నీ చూసుకోవాలి.

షెడ్డు దగ్గర మాటలు చాలాసార్లు ఇలా మొదలవుతాయి.

"బాబాయ్ గారూ, బ్రేకు తొక్కితే బండి ఊగిపోతోందండి. లైనర్లు మార్చేయమంటారా?"

"ఎక్కడ ఊగుతోందబ్బాయ్? చేతుల్లోనా, కూర్చున్న చోటా, కాలి కిందా?"

ఈ ఎదురు ప్రశ్న వేసిన మేస్త్రిని వదులుకోకండి. అడగ్గానే లైనర్లు విప్పేసేవాడికంటే అతను మీ డబ్బు ఎక్కువ మిగులుస్తాడు. బ్రేకు తొక్కినప్పుడు వచ్చే వణుకంతా బ్రేకుది కాదు. ఆపేటప్పుడు బండి బరువంతా ముందుకు వాలుతుంది. అప్పటిదాకా దాక్కున్న వదులు, కింగ్‌పిన్‌దో స్టీరింగు ఎండ్లదో కమాను బుష్‌దో, ఆ బరువు కింద బయటపడుతుంది. నింద బ్రేకు మీద పడుతుంది. కొత్త లైనర్లు వేసినా వణుకు పోదు. తరువాత డ్రమ్ములు లేతు పట్టిస్తారు. అప్పటికీ పోదు. ఈసారి బండినే తిట్టుకుంటూ అమ్మేస్తారు.

అందుకే ముందు ఒక నోటు పుస్తకం. అందులో మూడు సంగతులు రాయండి: వణుకు ఎక్కడ తెలుస్తోంది, ఎప్పుడు మొదలవుతోంది, ఎంత వేగంలో ఎక్కువవుతోంది. ఈ మూడింటికీ జవాబు రాకుండా ఒక్క నట్టు కూడా విప్పకూడదు. ఈ నియమం దగ్గరే చాలామంది ఓపిక సడలుతుంది. చేతిలో పానా ఉంటే ఏదో పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది, చూస్తూ రాస్తూ కూర్చుంటే టైము పోతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి పని జరిగేది చూస్తూ రాసినప్పుడే.

పరీక్షకు ముందు చక్రాలు కడగండి. మిగతా ప్రాంతాల వాళ్లు రాసే పుస్తకాల్లో ఇది మొదటి మెట్టుగా కనబడదు. కొల్లేటి కింద మనకు ఇదే మొదటిది. చెరువు గట్టు మీది నల్లమట్టి చక్రం లోపలి అంచున పట్టుకుని రాత్రికి రాత్రి గట్టిపడుతుంది. అడుగున పేరుకున్న ఆ మట్టి ఒక పక్కే బరువు పెంచుతుంది. పొద్దున్నే బండి తీస్తే స్టీరింగు ఊగుతుంది. ముందు చక్రాలతో పాటు వెనుక చక్రాల లోపలి వైపు కూడా నీళ్లు గట్టిగా కొట్టి పుల్లతో గీకండి. కొన్ని బండ్లకు వైద్యం ఇక్కడితోనే అయిపోతుంది.

తరువాత పరీక్షకు చోటు. పామర్రు నుంచి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు మీదుగా భీమవరం వైపు వెళ్లే 165వ నంబరు జాతీయ రహదారి ఈ పనికి పనికిరాదు. చేపల లోడుతో వెళ్లే లారీల మధ్య పదే పదే బ్రేకు తొక్కడం ప్రాణాంతకం. కాలువ గట్టు రోడ్డు అంతకంటే ప్రమాదం. బ్రేకు ఒక పక్కకు లాగే జబ్బు ఉంటే బండి నేరుగా కాలువలోకే పోతుంది. ఊరి బయట ఇళ్లు ఇంకా లేని లేఔట్ల లోపలి రోడ్లు ఉంటాయి. అడిగి, అక్కడ తెల్లవారిన తరువాత, ఎండ ముదరకముందు నడపండి. పక్కన ఒక మనిషి ఉండాలి. నోటు పుస్తకం ఆ మనిషి చేతిలో ఉండాలి. బండిలో బస్తాలు, పిల్లలు ఉండకూడదు.

ముందుగా బ్రేకు జోలికి పోకుండా 20 నుంచి 50 కిలోమీటర్ల దాకా నెమ్మదిగా వేగం పెంచండి. పెడలు ముట్టకుండానే వణుకు ఉంటే అది టైరుదో, వంకర పోయిన రిమ్ముదో, బేరింగుదో, ప్రొపెల్లర్ షాఫ్టుదో. పెడలు మీద కాలు పెట్టాకే మొదలైతే అప్పుడు బ్రేకును అనుమానించాలి. తొక్కింది తక్కువైనా ఎక్కువైనా వణుకు అదే లయలో ఉందా, గట్టిగా తొక్కినప్పుడే ఉందా, ఇదీ రాయండి. మెల్లగా తొక్కినా పెడలు కాలి కింద ఎగిరెగిరి పడుతుంటే డ్రమ్ము కోలగా అయిందని, లేదా డిస్కు మందం ఒకచోట ఒకలా ఉందని అర్థం. స్టీరింగులో ఎక్కువగా తెలిస్తే ముందు చక్రాల వైపు చూడాలి. కూర్చున్న సీటులో, కాళ్ల కింది రేకులో తెలిస్తే వెనుక వైపు. గట్టిగా తొక్కినప్పుడే బండి మొత్తం ఒక్కసారిగా దడదడలాడితే, బ్రేకు కంటే ముందు కమాను పట్టీల యూ-బోల్టులు, బుష్‌లు చూడండి. అవి వదులైతే బ్రేకు పడగానే హౌసింగు మెలిదిరిగి మళ్లీ వెనక్కి వస్తూ ఉంటుంది.

వణుకు లయను లెక్కపెట్టడం నేర్చుకోండి. పాత జీపుకు వేసే 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది. సెకనుకు ఐదు దెబ్బలను చేతితో పట్టుకోగలం, టకటకటకటక అన్నట్టు విడివిడిగా తెలుస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్టు అలా కాదు. యుద్ధ కాలపు విల్లీస్‌లో క్రౌన్ నిష్పత్తి 4.88. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు దాదాపు 5 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో సెకనుకు సుమారు 25 అవుతాయి. అవి దెబ్బలుగా తెలియవు, ఒకటే జుమ్మని మోతగా వస్తాయి. టకటకలాడితే చక్రాల దగ్గర వెతకండి. జుమ్మంటుంటే కిందికి దూరి షాఫ్టు క్రాసుల్ని చేత్తో ఆడించి చూడండి.

అదే రోడ్డు మీద ఇంకో రెండు చిన్న పరీక్షలున్నాయి. వణుకు వస్తుండగా క్లచ్చి తొక్కండి. తగ్గిపోతే ఇంజను మౌంటింగు రబ్బర్లు, గేరుపెట్టె మౌంటింగులు చూడాలి. చక్రాల్లో తప్పు ఉంటే క్లచ్చి తొక్కినా తేడా ఉండదు. రెండోది, ఫోర్‌వీలు లివరు నిజంగా టూవీలులో ఉందో లేదో చూడండి. ఈ పాత బండ్లలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. తారు రోడ్డు మీద ఫోర్‌వీలులో తిప్పితే షాఫ్టులు బిగుసుకుని కుదుపులిస్తాయి. గట్టు దిగి వచ్చాక లివరు మార్చడం మర్చిపోయినవాళ్లు ఆ కుదుపును బ్రేకుదే అనుకుంటారు.

ముందా వెనుకా తేల్చుకోవడానికి హ్యాండ్‌బ్రేకు పరీక్ష అని ఒకటి చాలామంది చెబుతారు. జిప్సీలో అది మంచి పరీక్ష. హ్యాండ్‌బ్రేకు వెనుక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది కాబట్టి, ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో బొత్తాం నొక్కి పట్టుకునే కొద్దికొద్దిగా లాగినప్పుడు వణుకు వస్తే తప్పు వెనుక డ్రమ్ముల్లో ఉంది. రాకపోతే ముందు డిస్కుల మీద అనుమానం పెరుగుతుంది. విల్లీస్ రకం జీపులో మాత్రం ఈ పని చేయకండి. అందులో హ్యాండ్‌బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఉన్న చిన్న డ్రమ్ము మీద పడి, ప్రొపెల్లర్ షాఫ్టునే పట్టుకుంటుంది. నడుస్తుండగా లాగితే షాఫ్టు మీద, క్రాసుల మీద భారం పడుతుంది. చక్రాల డ్రమ్ముల గురించి తెలిసేది సున్నా. మీ బండిది ఏ రకమో కిందికి వంగి ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగి, చివర్లో బ్రేకు ఎక్కువ తొక్కకుండా బండిని దానంతటదే ఆగనిచ్చి, నాలుగు చక్రాల హబ్బుల దగ్గరా వేడి చూడండి. చేయి దగ్గరగా పెట్టి చూడాలి, ముట్టుకోకూడదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మరీ మంచిది. ముందువి రెండూ ఒకలా, వెనుకవి రెండూ ఒకలా ఉండాలి. ఒక్క చక్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. చల్లగా ఉన్న చక్రం పనే చేయడం లేదు. పట్టేసిన చక్రాన్ని జాకీ మీద లేపి దాని బ్లీడరు నిపులు కొద్దిగా విప్పండి. నూనె చిమ్మి చక్రం వదులైతే తప్పు గొట్టంలోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉంది, ఒత్తిడి లోపల చిక్కుకుపోయింది. ఉబ్బిన పాత గొట్టం నూనెను పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. నిపులు విప్పినా చక్రం బిగుసుకునే ఉంటే పిస్టనో, షూనో, స్ప్రింగో పట్టుకుంది.

జాకీ వేసేచోటు గట్టి నేల అయి ఉండాలి. మన మెత్తనేలలో జాకీ కింద మందపాటి చెక్క లేకుండా బండిని లేపకండి. ఇటుకలు పెట్టి కింద దూరకండి. ఇటుక పగిలేముందు చెప్పదు. స్టాండులు వేసి, మిగతా చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాకే చేతులు లోపలికి పోవాలి. లేపిన ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఆడించండి. ఆట కనిపిస్తే తోడున్న మనిషిని బ్రేకు తొక్కి పట్టమనండి. తొక్కగానే ఆట పోతే బేరింగు వదులు. తొక్కినా పోకపోతే కింగ్‌పిన్. ఎందుకంటే బ్రేకు పడినప్పుడు హబ్బూ స్టీరింగు నకిలూ ఒకటే ముక్కగా బిగుసుకుంటాయి, బేరింగు ఆట కనబడకుండా పోతుంది. ఇంత తేలికైన పరీక్ష చేయకుండా చాలామంది బేరింగులు కొంటారు. పక్కలకు పట్టుకుని ఆడించినప్పుడు వదులుంటే స్టీరింగు ఎండ్లు చూడండి.

ఇంతా చేశాక, నోటు పుస్తకం ఒక చక్రం వైపు వేలు చూపిస్తే, అప్పుడు డ్రమ్ము విప్పండి. విల్లీస్ రకం జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లకు మర ఎదురుగా ఉండొచ్చు. మామూలుగా తిప్పి బలం చూపిస్తే స్టడ్డు విరుగుతుంది. స్టడ్డు చివర 'ఎల్' అచ్చు కనిపిస్తే కుడివైపు తిప్పి విప్పాలి. షూలను ముందు వదులు చేసుకుని డ్రమ్మును లాగండి. లోపలి దుమ్మును కంప్రెసరు గాలితో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటకు రాదు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. మేస్త్రి నవ్వినా సరే, ఈ మాటలో రాజీ వద్దు. ఆ దుమ్మును రోజూ పీల్చేది అతనే.

డ్రమ్ము లోపల వేలు తిప్పి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. షూ ఆకారంలోనే తుప్పు మరక కనిపిస్తే అది డిపోలో నిలబడిన నాటిది. పైపైన ఉంటే ఉప్పుకాగితంతో పోతుంది. గుంటలు పడితే లేతు పట్టించాలి. నీలం రంగు మచ్చలుంటే అక్కడ ఇనుము కాలి గట్టిపడింది. పగులు కనిపిస్తే ఆ డ్రమ్మును పక్కన పెట్టేయండి, దానికి మరమ్మతు లేదు. తరువాత వ్యాసం కొలవాలి. ఒకచోట కొలిస్తే ఉపయోగం లేదు, చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. విల్లీస్ డ్రమ్ము అసలు వ్యాసం 9 అంగుళాలు. కొలతల మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటుతుంటే వణుకు కారణం మీ చేతికి చిక్కినట్టే. లేతు పట్టించేటప్పుడు ఒకే ఇరుసు మీది రెండు డ్రమ్ముల్నీ ఒకే కొలతకు తీయించండి. డ్రమ్ము మీద గరిష్ఠ కొలత అచ్చు వేసి ఉంటే అదే హద్దు. అంతకు మించి తీస్తే డ్రమ్ము పల్చబడి, వేడికి మళ్లీ కోలగా అవుతుంది.

కొత్త లైనర్లు వేశాక కూడా వణుకు మిగలడానికి ఎక్కువగా కనబడే కారణం ఒకటుంది. డ్రమ్ము లేతు పట్టించారు, అంటే గుండ్రం కాస్త పెద్దదైంది. కొత్త షూ వంపు పాత కొలతకే ఉంది. అప్పుడు షూ నడుమే ఆనుతుంది. షూ గుండ్రం డ్రమ్ము కంటే పెద్దదైతే కొసలే ఆనుతాయి. కొస ముందు తగిలితే అది పట్టి వదిలి, పట్టి వదిలి బండిని ఊపుతుంది. డ్రమ్ము లోపల సుద్ద రాసి షూను పెట్టి తిప్పి చూడండి. సుద్ద ఎక్కడ అంటిందో అక్కడే ఆనుతోంది. లైనరును ఆ మేరకు రాపించి, రెండు కొసల్నీ కొద్దిగా వాలుగా తీయించాలి. విల్లీస్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. ముందువైపు షూకు లైనరు పొడవు, వెనుకవైపు షూకు పొట్టి. విప్పినప్పుడు గుర్తు పెట్టుకోకపోతే తారుమారవుతాయి. నూనె తగిలిన లైనరు సంగతి వేరు. దాన్ని పెట్రోలుతో కడిగి కాల్చి మళ్లీ వాడేవాళ్లున్నారు. లోపలికి ఇంకిన గేరాయిలు వేడికి మళ్లీ పైకొస్తుంది. సీలు మార్చి, అదే ఇరుసు మీద రెండు పక్కలా కొత్త లైనర్లు వేయించండి.

జిప్సీ డిస్కుల దగ్గర చాలాసార్లు తప్పు డిస్కులో ఉండదు, హబ్బుకూ డిస్కుకూ మధ్య పేరుకున్న తుప్పులో ఉంటుంది. ఉప్పుటేరు వైపు, రొయ్యల చెరువుల వైపు తిరిగే బండ్లకు ఇది తొందరగా వస్తుంది. వైరు బ్రష్‌తో ఆ ముఖాన్ని శుభ్రం చేసి, డిస్కు బిగించి, డయల్ గేజీ పెట్టి తిప్పి చూశాకే కొత్త డిస్కు కొనాలా వద్దా అన్న మాట. చక్రం నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో సమంగా బిగించండి. గాలి గన్నుతో ఒక నట్టును పూర్తిగా బిగించి తరువాత ఇంకోదానికి పోతే మంచి డిస్కు కూడా వంకర తిరుగుతుంది.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. మార్చి, అదే రోడ్డు మీద అదే వేగంలో మళ్లీ నడిపి, తేడా రాయండి. ఒకే రోజు టైర్లు, ఎండ్లు, లైనర్లు అన్నీ మార్చేస్తే వణుకు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. మళ్లీ వచ్చిన రోజున మొదటి నుంచీ మొదలుపెట్టాలి. సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లేటప్పుడు పాత ముక్కను వెంట తీసుకెళ్లండి. ఒకే పేరున్న జీపుకు ఏళ్లను బట్టి కొలతలు మారతాయి.

వానాకాలం సంగతి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి దిగినప్పుడు లంక గ్రామాల దారులు నీళ్లలో మునిగాయి. అలాంటి దారిలో నడిచిన బండికి డ్రమ్ముల్లోకి నీళ్లతో పాటు బురద కూడా చేరుతుంది. నీళ్లు దాటగానే నెమ్మదిగా పోతూ పెడలును తేలిగ్గా నొక్కి పడితే తడి ఆరుతుంది. బురద ఆరదు. ఆ వారంలోనే డ్రమ్ములు విప్పి కడిగించండి. హబ్బు బేరింగుల్లో గ్రీజు తెల్లగా పాలలా కనిపిస్తే నీళ్లు కలిశాయని గుర్తు, తీసేసి కొత్తది పెట్టించాలి.

వణుకు ఉన్నా ఆగే బండి మీకు కొంత గడువిస్తుంది. పెడలు మెత్తబడి కిందికి దిగే బండి ఇవ్వదు. విల్లీస్ నమూనా పాత జీపుల్లో మాస్టర్ సిలిండరు నుంచి నాలుగు చక్రాలకూ ఒకటే నూనె దారి. ఒక్క గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కాబట్టి పెడలు నేలదాకా దిగుతున్నా, డబ్బాలో నూనె తగ్గుతున్నా, చక్రం లోపలి వైపు తడి కనిపించినా బండిని ఉన్నచోటే ఆపేయండి. నెమ్మదిగా షెడ్డుదాకా పోదామనుకోకండి. మేస్త్రినే బండి దగ్గరకు పిలిపించండి.